నాలుగో చక్రం మీద రెండో దెబ్బ

ఇది చాలా పెద్ద కథ. ఇందులో ఎడారి ఉంది, బందిపోట్లున్నారు, వరద ఉంది, తల్లి కన్నీళ్ళున్నాయి, నా ముందు బారులు తీరిన పదకొండు వేల మంది జనం ఉన్నారు.

నిజం చెప్పాలంటే అంత లేదు. ఆ పదకొండు వేల మంది సైన్యం కాదు, ఒక ఆన్‌లైన్ ఆటలోకి పోవడానికి క్యూలో నాకన్నా ముందున్నవాళ్ళు. ఎడారి ఫోన్‌లో ఉంది. బందిపోట్లు బడికి పోయే వయసు పిల్లలు. వరద మాత్రం నిజం. ఆ తల్లి మా అమ్మ.

దయ్యాలను నేను ఎప్పుడూ నమ్మలేదు. పెరంబూరులో రైలు పట్టాల పక్కింట్లో పుట్టి పెరిగినవాణ్ణి. మా ఇంట్లో గిన్నెలు వాటంతటవే కదులుతాయి, తలుపులు వణుకుతాయి, గోడ మీద ఫోటోలు పక్కకు తిరుగుతాయి. గూడ్సు బండి పోయిందని అర్థం.

మా నాన్న ఇక్కడి రైల్వే వర్క్‌షాపులోనే పనిచేసి రిటైరయ్యాడు. తర్వాత కొన్నాళ్ళకే పోయాడు. ఆయన పని చక్రాలు వినడం. చూడటం కాదు, వినడం. బోగీ పక్కన వంగి పొడుగు సుత్తితో ఒక్కో చక్రాన్నీ కొట్టేవాడు. బాగున్న చక్రం గంటలా మోగుతుంది. పగులున్నది చెక్కలా పలుకుతుంది. ఆ అలవాటును ఆయన ఇంటికి కూడా తెచ్చాడు. కుండ కొన్నా, సైకిల్ కొన్నా, గ్యాస్ సిలిండర్ వచ్చినా కొట్టి వినేవాడు. మా అన్నకు సంబంధం చూడ్డానికి పోయిన ఇంట్లో స్టీలు గ్లాసును కూడా కొట్టి విన్నాడు. ఆ సంబంధం కుదరలేదు. గ్లాసు వల్లే అని నేననను.

ఆ అలవాటు మా అన్న దాముకు వచ్చింది. నాకు నాన్న ముక్కు వచ్చింది.

అన్న ఎన్నూరు వైపు, ఓడరేవు పక్కన ఒక కంటైనర్ యార్డులో షిఫ్టు సూపర్‌వైజరు. నేను ఇంట్లోనే కూర్చుని ఒక కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో తప్పులు సరిచేస్తుంటాను. వాడు ఇంటికొచ్చేసరికి నేను నిద్రలో ఉంటాను, నేను లేచేసరికి వాడు నిద్రలో ఉంటాడు. అందుకే ఒకే ఇంట్లో ఉంటూ మేమిద్దరం ఎక్కువగా కలుసుకున్నది ఆ ఎడారిలోనే.

ఆట పేరు చెప్పను. వాళ్ళకు ఇప్పటికే చాలినన్ని తిట్లు పడ్డాయి. నాలుగు చక్రాల ఎద్దుబండి మీద సరుకు వేసుకుని ఎడారి దాటాలి, దారిలో దోచుకునేవాళ్ళను తప్పించుకోవాలి. ఇది ఊహ. వాస్తవంలో ముందు క్యూలో నిలబడాలి. లోపలికి పోయాక బండి ఇసుకలో మునిగిపోతుంది, ఎద్దు ఆకాశంలో నడుస్తుంది. ఊరు కనుచూపు మేరలోకి రాగానే కనెక్షన్ తెగుతుంది, సరుకు పోతుంది, మళ్ళీ క్యూ. చాట్‌లో రాసిన మాట ఎవరికీ చేరదు. మైకులో మాత్రం ఎవరింట్లోదో కుక్కర్ విజిల్ వినిపిస్తుంది. కంపెనీవాళ్ళు మా సహనానికి ధన్యవాదాలు చెప్పి అందరికీ తలా ఒక టోపీ ఇచ్చారు.

ఇందులో సుత్తి గురించి ఒక మాట చెప్పాలి, తర్వాత పనికొస్తుంది. బండి బాగుచేసుకోవడానికి ప్రతివాడికీ ఒక సుత్తి ఇచ్చారు. మా అన్న బయలుదేరే ముందు బండి చుట్టూ తిరిగి, నాలుగు చక్రాలనూ ఒక్కో దెబ్బ కొట్టేవాడు. ఠంగ్, ఠంగ్, ఠంగ్, ఠంగ్. అలా కొడితే బండి బలం కొంచెం తగ్గుతుంది తప్ప లాభం లేదు. చెప్పినా వినేవాడు కాదు.

కానీ అదే సుత్తితో కొందరు పక్కవాళ్ళ బండ్లు విరగ్గొట్టడం మొదలుపెట్టారు. జనం గోల పెట్టారు. కంపెనీ ఒక అప్‌డేట్ ఇచ్చింది. అప్పట్నుంచి సుత్తి విరిగిన చక్రం మీదే పనిచేస్తుంది. బాగున్న చక్రాన్ని కొడితే గాల్లో కొట్టినట్టు లోపలికి దూరిపోతుంది, శబ్దం ఉండదు. లోకమంతా సంతోషించింది. ఆ మార్పుకు బాధపడిన ఆటగాడు నాకు తెలిసి మా అన్న ఒక్కడే. ఒక స్టార్ ఇచ్చి ఆడటం మానేశాడు.

ఆ తర్వాత వారానికి తుఫాను వచ్చింది.

అన్న ముందురోజు డ్యూటీకి పోయాడు. సాయంత్రానికి వాడి ఫోన్ మూగబోయింది. తెల్లారేసరికి లోకల్ రైళ్ళు ఆగిపోయాయి, ఎన్నూరు పోయే దారి నీళ్ళకింద ఉందన్నారు. యార్డు ఆఫీసుకు ఫోన్ చేస్తే మోగదు. అత్యవసర నంబరు ఎప్పుడు చేసినా ఎంగేజే. వాడితో పనిచేసే ఒకాయన దొరికాడు గానీ ఆయన ఆ రోజు సెలవు. యార్డులో నడుం లోతు నీళ్ళని తనూ విన్నానని చెప్పి పెట్టేశాడు. అలాంటి మాట చెప్పడానికి ఎందుకు ఫోన్ ఎత్తాడో నాకు తెలియదు.

మా వీధిలో కరెంటు పోయింది. ఇంట్లో ఉన్నది నా ఫోన్ ఒక్కటే, దాన్లో ఉన్నది సగం ఛార్జీ. అన్న ఫోన్ చేస్తే ఎత్తడానికి అది ఉండాలి కాబట్టి దాన్ని ముట్టుకోవద్దని అమ్మ చెప్పింది. నేను ముట్టుకున్నాను. చేతులు ఊరికే ఉంటే బుర్ర నడుం లోతు నీళ్ళ దగ్గరికే పోతోంది. ఆట తెరిచాను. అంత వానలోనూ వింతగా క్యూ లేదు. అదే మొదటి అనుమానం రావలసిన చోటు.

స్నేహితుల జాబితాలో అన్న పేరు పక్కన పచ్చ చుక్క వెలుగుతోంది.

వాడి పేరు ఆటలో ‘క్యారేజ్ దాము’. ఒకే పేరు ఇద్దరికివ్వరు. చుక్క నొక్కితే వాడున్న చోటికి తీసుకుపోయింది. ఎడారి మొదట్లో మా బండి ఉంది. దాని పక్కన అన్న బొమ్మ నిలబడి ఉంది. ఎక్కడున్నావని రాశాను. జవాబు లేదు. అది నాకు తేడాగా అనిపించలేదు, చాట్ మొదటి రోజు నుంచీ పనిచేయలేదు కదా. ఈ ఆటతో చిక్కే అది. అందులో దయ్యం తిరిగినా సర్వర్ తప్పే అనుకుంటాం.

బొమ్మ కదిలింది. బండి చుట్టూ తిరుగుతూ చక్రాలను కొట్టడం మొదలుపెట్టింది. ఠంగ్, ఠంగ్, ఠంగ్. ఆ క్షణంలో నాకు అప్‌డేట్ గుర్తే లేదు. అన్న బతికున్నాడు, ఎక్కడో సిగ్నల్ ఉన్న చోట కూర్చుని బుద్ధి లేకుండా ఆట ఆడుతున్నాడు, అంతే అనుకున్నాను. జీవితంలో మొదటిసారి వాడి బుద్ధిలేనితనం చూసి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

శబ్దం విని అమ్మ వంటింట్లోంచి వచ్చింది. ఫోన్ పెట్టెయ్యమని తిట్టబోయింది. అన్న ఆన్‌లైన్‌లో ఉన్నాడని చెప్పాను. ఆమెకు ఆన్‌లైన్ అంటే ఏమిటో సరిగా తెలియదు గానీ ఉన్నాడు అన్న మాట చాలింది. పక్కన కూలబడి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఫోన్‌లోకి చూసింది. తలపాగా, గడ్డం ఉన్న ఒక మనిషిని చూపించి ఇదే నీ పెద్ద కొడుకు అన్నాను.

“ఈ గడ్డం ఎప్పుడు పెంచినాడు?” అంది.

బొమ్మ మరో చుట్టు మొదలుపెట్టింది. ఠంగ్, ఠంగ్, ఠంగ్. నాలుగో చక్రం దగ్గర ఠంగ్. కాస్త ఆగింది. మళ్ళీ అదే చక్రాన్ని, ఠంగ్.

అమ్మ ఫోన్‌ను దగ్గరికి లాక్కుని చూసింది.

“ఇది పెద్దోడు కాదురా” అంది.

పైన పేరు ఉందని చూపించాను.

“పేరుతో నాకేం పని. పెద్దోడు నాలుగిటికీ నాలుగు దెబ్బలు కొట్టి పోతా ఉంటాడు. వాడికి నిదానం ఏడుండాది? ఆఖరిదాన్ని రెండోసారి కొట్టేది మీ నాయన.”

అప్పుడు నాకూ గుర్తొచ్చింది. ఆఖరి చక్రం దగ్గరికొచ్చేసరికి మనిషికి ఇంటికి పోవాలన్న తొందర పుడుతుందట. అందుకని దాన్ని రెండుసార్లు వినాలని నాన్న చెప్పేవాడు. చిన్నప్పుడు మా టిఫిన్ డబ్బాల్లో కూడా ఆఖరిదాన్ని రెండుసార్లు తట్టేవాడు. అన్న ఆ అలవాటును తీసుకున్నాడు గానీ రెండో దెబ్బను తీసుకోలేదు.

నా తెలివి వెంటనే ఎదురు తిరిగింది. మా నాన్నకు ఫోన్‌లో టార్చి ఆపడం చేతకాదు. వెలుగుతున్న టార్చితోనే జేబులో పెట్టుకుని తిరిగేవాడు. ఆ మనిషి అకౌంట్‌లోకి దూరి, నిబంధనలు ఒప్పుకుని, ఓటీపీ కొట్టి, ఎడారికి వచ్చాడంటే పోయాక చాలా నేర్చుకుని ఉండాలి. ఇదంతా అమ్మకు చెప్పి నవ్విద్దామనుకున్నాను. కానీ ఇంకో లెక్క అప్పుడే తలలోకి వచ్చింది. అది అన్న కాకపోతే, ఆ పచ్చ చుక్క అన్నది కాదు. అప్పటిదాకా మేము వాడి ప్రాణం అనుకుని చూస్తున్నది ఆ చుక్కనే.

“మళ్ళ పెద్దోడు ఏడుండాడు?” అంది అమ్మ.

బొమ్మ ఇక చుట్టు తిరగలేదు. ఆ నాలుగో చక్రం దగ్గరే నిలబడి కొడుతోంది. ఆగుతుంది, కొడుతుంది. నేను బండి తోలబోతే అడ్డం వచ్చి నిలబడింది. ఆ శబ్దం మోగడం మానేసి, చెక్కలా పలికినట్టు నాకనిపించింది. అమ్మ నాన్నను పేరు పెట్టి పిలవదు. “ఏమయ్యా” అంది ఫోన్‌తో, మెల్లగా.

కనెక్షన్ తెగిపోయింది.

మళ్ళీ తెరిస్తే క్యూ. మీ ముందు పదకొండు వేల మంది ఉన్నారు, మీ సహనానికి ధన్యవాదాలు. ఛార్జీ తరిగిపోతోంది. పొద్దున్నుంచీ ఫోన్ ముట్టుకోవద్దన్న అమ్మే ఇప్పుడు లైన్ వదలొద్దంటోంది. రేషన్ షాపు ముందు నిలబడినట్టు నా పక్కనే కూర్చుని, ఇంకా ఎంతమంది ఉండారని అడుగుతూ వచ్చింది.

“ఆడ ఎవురన్నా తెలిసినోళ్ళు ఉంటే మనల్ని ముందుకు పంపమనరా” అంది ఒకసారి.

ఆమె జోకు వేయలేదు. నేనూ నవ్వలేదు. క్యూలో కొన్ని వందల మంది మిగిలుండగా ఫోన్ ఆరిపోయింది. ఆ రాత్రి ఇద్దరం తలుపు వైపు చూస్తూ కూర్చున్నాం, అంతకన్నా చెప్పడానికి ఏమీ లేదు.

మర్నాడు మధ్యాహ్నం అన్న వచ్చాడు. చెప్పులు చేతిలో, ప్యాంటు మోకాళ్ళ పైకి, ఒంటి మీద ఎవరిదో బనియను. అమ్మ ఏడవలేదు. వాడి చెంపలు పట్టుకుని చూసి, అన్నం పెట్టడానికి లోపలికి పోయింది.

తింటూ చెప్పాడు. ఫోన్ మొదటి రోజు సాయంత్రమే నీళ్ళలో పడి చచ్చిపోయింది. తర్వాత వాడు ఎవరి ఫోనూ ముట్టుకోలేదు, ముట్టుకున్నా ఆడ టవర్లు లేవు. మేము ఇంట్లో ఫోన్ చూస్తున్న ఆ రోజు పగలు, ఒక లోడు లారీ నీళ్ళలోనే సిటీ వైపు బయలుదేరింది. చిక్కుకున్నవాళ్ళంతా ఎక్కారు. అన్న ఎక్కే ముందు ఇనప రాడ్డుతో టైర్లు కొట్టి చూశాడు. అన్నీ బాగున్నాయి. కాలు పైన పెట్టాడు.

“ఎందుకోరా, దిగి ఆఖరిదాన్ని ఇంకోసారి కొట్టాలనిపించింది” అన్నాడు. “జోడు టైర్లలో లోపలిది గాలి లేక చచ్చిపొయ్యుండాది. నేను రానన్నా. సారుకు వాళ్ళ నాయన రైల్వే బుద్ధి పోలేదని నవ్వినారు.”

లారీ వాణ్ణి వదిలి పోయింది. ఉప్పుటేరు పక్క రోడ్డు మీద ఆ టైరు వైపుకే ఒరిగిపోయి నీళ్ళలో పడుకుంది. ఎక్కినవాళ్ళను చేపల పడవలవాళ్ళు తీసుకొచ్చారు. అందరూ బతికారు, ఒకాయన చెయ్యి విరిగింది. అన్న ఆ సమయానికి యార్డు ఆఫీసు మేడ మీద గోనె సంచుల మీద నిద్రపోతున్నాడు.

అది ఎన్ని గంటలకు జరిగిందని నిలదీశాను. “ఆకాశమంతా ఒకటే బూడిద. టైమ్ ఎవుడికి తెలుసు, పోరా” అన్నాడు. వంటింట్లోంచి అమ్మ వింటోంది. వచ్చి వాడి కంచంలో ఇంకో గరిటె వేసింది.

కరెంటు వచ్చాక ఆట తెరిచి, సుత్తితో నా బండి చక్రాలు కొట్టి చూశాను. సుత్తి గాల్లోకి దూరినట్టు దూరింది. శబ్దం లేదు. వంద రకాలుగా కొట్టాను, లేదు. ఆడటం మానేసిన ఆటగాళ్ళ బొమ్మలు పాత కదలికలనే మళ్ళీ చేస్తుంటాయని నెట్‌లో ఎవరో రాశారు. సరే, పాతవే అయితే అన్న ఏనాడూ కొట్టని ఆ రెండో దెబ్బ ఎక్కణ్ణుంచి వచ్చింది? ఇక నిద్రలేని ఇద్దరం, భయంలో ఉన్నాం, లేనిది విన్నాం అనుకోవచ్చు. నేను ఒక్కణ్ణే అయితే నమ్మేవాణ్ణి. ఇద్దరం ఒకేలా విన్నాం.

ఆ రోజు ఆ అకౌంట్ తెరిచి ఉందా అని కంపెనీకి రాశాను. నా సహనానికి ధన్యవాదాలు చెప్పి, ఆట తీసేసి మళ్ళీ ఎక్కించుకోమన్నారు. ఇంకో టోపీ పంపారు.

నేను ఇప్పటికీ దయ్యాలను నమ్మను. ఆ రోజు జరిగింది ఏమిటో మాత్రం నాకు తెలియదు.

అన్న ఫోన్‌ను వారం రోజులు బియ్యం డబ్బాలో పెట్టాం. పనిచేయలేదు. బియ్యం వండుకున్నాం.