నాలుగో చుక్క

ఆ వీధిలో ఆవిడ అసలు పేరుతో పోస్ట్‌మ్యాన్‌కి తప్ప ఎవరికీ పని పడేది కాదు. అందరికీ ఆవిడ చుక్కల టీచర్. పగలంతా ఒక చిన్న ప్రైవేటు బడిలో పైతరగతులకు లెక్కలు చెప్పేది. సాయంత్రం ఇంటి ముందుగదిలో ట్యూషన్. మామూలు రోజుల్లో గది సగం ఖాళీగానే ఉండేది. పరీక్షలు దగ్గరపడ్డాయంటే మాత్రం కాలు పెట్టే చోటుండేది కాదు. అప్పటిదాకా పుస్తకం మొహం చూడనివాళ్లంతా, అట్ట మీది జిగురు వాసన కూడా పోని పుస్తకాలు పట్టుకుని, ఏడుపు మొహాలతో వరసకట్టేవాళ్లు.

ఆవిడ ఎర్రకలం తీసి పాఠాల పక్కన చకచకా చుక్కలు పెట్టేది. ఒక చుక్కంటే తీరికుంటే చూడు. రెండు చుక్కలంటే తప్పకుండా చదువు. మూడు చుక్కలంటే తిండి మానేసైనా చదువు. చుక్క లేని పాఠం ఈ జన్మకి నీది కాదు, దాని జోలికెళ్లకు.

చుక్కలయ్యాక ఉపన్యాసం. "ఎంత టైముంది? మార్కులెక్కడున్నాయి? నీకు సగం సగం వచ్చినవేవి? ముందు వాటిని పట్టుకో. వచ్చిన పాఠాన్నే మళ్లీ మళ్లీ చదివి మురిసిపోవడం చదువు కాదురా, అద్దం ముందు నిలబడి తల దువ్వుకోవడం!"

ముందుగదికీ వంటింటికీ మధ్య ఒక కర్టెన్ మాత్రమే అడ్డం. కర్టెన్ అవతల కూరలు తరుగుతూ అత్తగారు. ఏటా అదే ఉపన్యాసం విని విని, మధ్యలో కోడలు ఎక్కడ దగ్గుతుందో కూడా ఆవిడకి కంఠతా వచ్చేసింది.

ఆ సంవత్సరం బడికి కంప్యూటర్లు వచ్చాయి. టీచర్లందరూ కంప్యూటర్ పరీక్ష పాసవ్వాలని, తప్పినవాళ్లు వచ్చే ఏడాది శిశు తరగతికి వెళ్లాలని హెడ్మాస్టర్ కాగితం తిప్పాడు. చుక్కల టీచర్ దానిమీద సంతకం పెట్టి, "ఇంకా బోలెడు టైముంది" అనుకుని మర్చిపోయింది. తీరా ఒకనాడు స్టాఫ్ రూములో సైన్సు మాస్టారు "వచ్చే శనివారమే కదండీ" అన్నాక ఆవిడకి ఆ కాగితం గుర్తొచ్చింది. పదో తరగతిని కంటిచూపుతో కూర్చోబెట్టే మనిషి, పసివాళ్ల ముక్కులు తుడుస్తూ కాకిపిల్ల పాట పాడుతున్నట్టు కళ్లముందు కనిపించింది.

ఇంటికొస్తూ పరీక్ష పుస్తకం కొనుక్కొచ్చింది. ఇటుకంత ఉంది. మొదటి సాయంత్రం దాన్ని తెరవనే లేదు. ముందు టైంటేబుల్ ఉండాలి కదా! స్కేలు పెట్టి గీతలు గీసింది. ఒక్కో అధ్యాయానికి ఒక్కో రంగు వేసింది. ఊదారంగు పెన్ను సరిగ్గా రాయడం లేదని మొగుణ్ణి బజారుకి తరిమింది. అతను ఎలక్ట్రీషియన్. నిచ్చెన దిగి ఇల్లు చేరాడో లేదో మళ్లీ చెప్పులేసుకుని వెళ్లి, పెన్ను తెచ్చిచ్చి తన మంచం చేరాడు. టైంటేబుల్ ఎంత అందంగా కుదిరిందంటే, దాన్ని బీరువా తలుపుకి అంటించి ఆవిడ చాలాసేపు వెనక్కి వెళ్లీ ముందుకు వచ్చీ చూసుకుంది.

మర్నాడు మొదటి అధ్యాయం మొదలుపెట్టింది. కంప్యూటర్ల చరిత్ర. ఒకప్పుడు గదంత యంత్రాలుండేవట, వాటికి చిల్లులు పెట్టిన అట్టముక్కలు తినిపించేవాళ్లట! బాగుంది. బొమ్మలు కూడా ఉన్నాయి. ఆ మర్నాడు కూడా అదే చదివింది. వాక్యాల కింద గీతలు గీసి, పక్కన వివరాలు రాసుకుని, భోజనాల దగ్గర మొగుడికి ఆ కథలన్నీ చెప్పింది. ఆపైన పుస్తకాల అర చిందరవందరగా ఉంటే బుర్రకెక్కదని అర సర్దుకుంది.

కర్టెన్ అవతలినుంచి అత్తగారు ఇదంతా గమనిస్తూనే ఉంది. ట్యూషన్ పిల్లలు వచ్చి కూర్చున్న సమయం చూసి, బఠాణీల గిన్నెతో సహా ముందుగదిలోకి వచ్చింది.

"ఏమ్మా, ఎంతవరకొచ్చింది?"

"చదువుతున్నాగా అత్తయ్యా. మొదటి అధ్యాయం అయిపోవచ్చింది."

"మొత్తం ఎన్నేంటి?"

చుక్కల టీచర్ పుస్తకం చివరిదాకా తిరగేసింది. "పద్నాలుగు."

"ఆ మొదటిదానికి మార్కులెన్ని?"

"...రెండు."

అత్తగారు గిన్నె కింద పెట్టి, నడుం మీద చెయ్యేసుకుని, అచ్చం కోడలి గొంతుతో అందుకుంది. "ఎంత టైముంది? మార్కులెక్కడున్నాయి? నీకు సగం సగం వచ్చినవేవి? వచ్చిన పాఠాన్నే మళ్లీ మళ్లీ చదివి..." ఇక్కడ ఆగి, కోడలు దగ్గే చోట చక్కగా దగ్గింది. పిల్లలు నవ్వాపుకోలేక ఒకళ్ల మీద ఒకళ్లు పడ్డారు.

"అత్తయ్యా! పిల్లల ముందా?"

"మరెవరి ముందనాలి? వాళ్లూ నీలాగే పరీక్షకి పోయేవాళ్లేగా. ఆ ఎర్రకలం ఇలా ఇవ్వు."

కోడలు ఇచ్చేసింది. అత్తగారికి కంప్యూటరంటే ఏమిటో తెలియదు, తెలుసుకోవాలన్న కోరికా లేదు. ఒక్కో అధ్యాయం పేరు కోడలి చేతే చదివించి, మార్కులెన్నో అడిగి, తర్వాత కోడలి మొహం చూసేది. "ఉత్తరం టైపు చెయ్యడం, పదిహేను" అంటే కోడలి మొహం మామూలుగా ఉంది. రెండు చుక్కలు. "టైపింగ్ వేగం, పది" అంటే మొహం వాడిపోయింది.

"నాలుగు రోజుల్లో పెరుగుతుందా?"

"పెరగదు. రెండు వేళ్లతోనే కొడుతున్నా."

"అయితే చుక్క లేదు. వదిలెయ్. తర్వాత?"

"పట్టికలు, లెక్కలు... ముప్పై ఐదు" అంటూ చుక్కల టీచర్ చటుక్కున పేజీ తిప్పబోయింది. అత్తగారు పేజీ మీద అరచెయ్యి పెట్టింది.

"ఏం, దీన్ని చూస్తే పారిపోతున్నావే?"

"గళ్లు గళ్లుగా ఉంటుంది అత్తయ్యా. బడిలో ఒకసారి ముట్టుకుంటే అన్నీ చెరిగిపోయాయి. చివర్లో చూద్దామని..."

"లెక్కల టీచరువి, లెక్కలకి భయపడతావా?" అని అత్తగారు ఒకటి, రెండు, మూడు, నాలుగు చుక్కలు పెట్టింది.

"నాలుగు చుక్కలుండవు అత్తయ్యా."

"ఇప్పటినుంచి ఉంటాయి."

బడి వదిలితే అక్కడి కంప్యూటర్ల గదికి తాళం పడేది. ఇక ఊళ్లో ఆవిడకి అందుబాటులో ఉన్న కంప్యూటర్ ఒక్కటే. మొగుడి స్నేహితుడి ఫోటో స్టూడియోలో ఉంది. బడి వదిలాక అక్కడికెళ్లేది. ఎవరైనా ఫోటోకి వస్తే లేచి పక్కన నిలబడేది, వాళ్లు వెళ్లాక మళ్లీ కూర్చునేది. మొదటి రోజు గళ్లలో ఏం నింపాలో తోచలేదు. ఒళ్లు మండి, అత్తగారు ఆ వారంలో తనని ఎన్నిసార్లు మందలించిందో రోజులవారీగా నింపింది. కూడమని అడిగితే కంప్యూటర్ టక్కున కూడింది. సగటు అడిగితే సగటు చెప్పింది. ఆవిడకి ఎంత సంబరమేసిందంటే, మొగుడి గురక మీద ఇంకో పట్టిక, హెడ్మాస్టర్ చిరాకు మీద మరొకటి తయారుచేసింది. చీకటి పడుతోందని స్టూడియో అతను రెండుసార్లు గుర్తుచేశాడు.

మొదటి పట్టికని అచ్చేయించి తెచ్చి అత్తగారి చేతిలో పెట్టింది. పెద్దావిడ కళ్లజోడు సవరించుకుని శ్రద్ధగా చూసింది.

"ఆదివారం సున్నా ఉందేం?"

"ఆ రోజు మీరు మీ చెల్లెలింటికెళ్లారు."

"అలాగా. అయితే రేపటి గడిలో కాస్త చోటుంచు" అంది అత్తగారు.

అలాగని కోడలు పూర్తిగా దారిలో పడిందనుకుంటే పొరపాటే. శుక్రవారం సాయంత్రం స్నానాలగదిలోకి వెళ్లి ఎంతకీ బయటికి రాలేదు. నీళ్ల చప్పుడూ లేదు. అత్తగారు తలుపు తట్టి, "అమ్మాయ్, చరిత్ర ఎంతవరకొచ్చింది?" అంది. లోపల పేజీ మూసిన చప్పుడైంది. కోడలు బయటికొచ్చాక పెద్దావిడ ఆ పుస్తకంలోంచి మొదటి అధ్యాయం పేజీలన్నీ చించి పరుపు కింద పెట్టి, దానిమీద పడుకుంది. పరీక్షయ్యేదాకా ఇక లేస్తే ఒట్టన్నట్టు మొహం పెట్టింది.

శనివారం పరీక్ష. గదిలోకి వెళ్లగానే చుక్కల టీచర్ గుమ్మంలోనే ఆగిపోయింది. కాపలా ఉన్న అమ్మాయి తన పాత స్టూడెంటే! రోజూ "టీచర్, ఇంపార్టెంట్ ఏంటో చెప్పండి టీచర్" అని చెవిలో జోరీగలా తిరుగుతుంటే, ఒకసారి విసిగిపోయి బెంచీ ఎక్కించింది కూడా. ఆ అమ్మాయి నవ్వుతూ దగ్గరికొచ్చి, వంగి, ఎంతో మర్యాదగా, "టీచర్, పక్కకి చూడకండి" అని వెళ్లిపోయింది.

ప్రశ్నలు వచ్చాయి. కొన్నిటికి జవాబు కాగితం మీద రాయాలి, మిగతావి కంప్యూటర్లో చెయ్యాలి. చరిత్ర మీద రెండు మార్కులు కాదు, ఈసారి ఐదున్నాయి, అదీ తను ఇంకా చేరని చివరి పేజీల్లోంచి! అత్తగారిని మనసులోనే నాలుగు మాటలంది. ఆ తర్వాత పట్టిక ప్రశ్న చూసింది. ఒక తరగతి పిల్లల మార్కులు కూడి, సగటు కట్టి, తప్పినవాళ్లని వేరు చెయ్యాలి. ఆవిడ జీవితమంతా చేసిన పనే. పైగా అత్తగారి తిట్లు కూడిన చెయ్యి. ముందు దాన్ని పట్టుకుని పూర్తిచేసింది. ఉత్తరం కొట్టింది. టైపింగ్‌లో రెండు వేళ్లతో టుకుటుకుమని కొడుతుండగానే గంట మోగింది. పక్కన సైన్సు మాస్టారు ఇంకా మొదటి ప్రశ్నకి చక్కటి దస్తూరీతో జవాబు రాస్తూనే ఉన్నాడు. చరిత్ర ఆయనకి బాగా వచ్చు.

ఫలితాలు బడి నోటీసు బోర్డు మీద పెట్టిన రోజు చుక్కల టీచర్ ఇంటికి దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చింది. యాభై ఎనిమిది. నలభై వస్తే పాస్.

"ఇందులో నావెన్ని?" అంది అత్తగారు.

"మీరు పోగొట్టినవి ఐదు. ఆ చరిత్ర చదవనిచ్చుంటే అరవై మూడు."

"ఆ చరిత్రే చదువుతూ కూర్చుంటే ఐదే వచ్చేవి."

కోడలికి నవ్వొచ్చింది. వారం రోజుల అలసట ఒక్కసారిగా మీదపడ్డట్టయింది. చీర కూడా మార్చుకోకుండా అత్తగారి మంచం మీదే వాలిపోయి, మాట మధ్యలోనే నిద్రలోకి జారింది. పెద్దావిడ ఫ్యాను వేగం పెంచింది. కాసేపటికి గుమ్మంలో ట్యూషన్ పిల్లల గోల వినిపిస్తే, వేలు పెదాల మీద పెట్టుకుని అడ్డంగా నిలబడింది.

"ఇవాళ సెలవు. మీ టీచర్ పాసైంది."

"నిజంగానా మామ్మగారూ! ఎన్ని మార్కులు?"

"ఎన్నయితే మీకెందుకర్రా? మీవి ఎన్నొస్తాయో అది చూసుకోండి. పొండి."