అధ్యక్ష చర్చకు నేను వేసిన కత్తెర

మొన్న టీవీలో ఏదో పెద్ద దేశపు అధ్యక్ష పదవికి నిలబడ్డ ఇద్దరి చర్చ వస్తోంది. ఒకాయన మాట తడబడితే వ్యాఖ్యాత దాన్ని అనుభవం అన్నాడు. రెండో ఆయన తడబడితే అదే వ్యాఖ్యాత ముసిముసిగా నవ్వాడు. మా ఆవిడ ఇంత అన్యాయమా అని నొచ్చుకుంది. నేను లేచి టీవీ కట్టేశాను. అలాంటి అన్యాయం చేయడంలో నాకున్న అనుభవం ఆవిడకు తెలియదు.

ప్రపంచకప్పు కోసం ఖతార్ మొత్తాన్ని తవ్విపోస్తున్న రోజులవి. నేను లుసైల్‌లో ఒక సైట్‌కు స్టోర్‌కీపర్‌ని. మేమంతా ఉండే కార్మికుల క్యాంపులో తెలుగువాళ్ళకో సంఘం, దానికో అధ్యక్షుడు. పండగకు పులిహోర చేయించడం నుంచి, ఎవరైనా పోతే శవాన్ని ఇంటికి పంపడానికి ఆఫీసుల చుట్టూ తిరగడం దాకా అన్నీ అతని పనే. సంఘానికి ఫోన్‌లో ఒక వార్తల గ్రూపు కూడా ఉండేది. దానికి ఎడిటర్‌ని నేనే. మంచి కెమెరా ఉన్న ఫోన్ నా దగ్గరే ఉండడం తప్ప ఆ పదవికి నాకు వేరే అర్హత లేదు.

ఆ ఏడు ఇద్దరు నిలబడ్డారు. ఒకరు అప్పటికే అధ్యక్షుడిగా ఉన్న టైమ్ ఆఫీసు సారు, మా గోదావరి వైపు మనిషి. అందరి సెలవు కాగితాలూ ఆయన చేతిమీదుగానే వెళ్ళాలి. నాది అప్పటికే ఆయన బల్లమీద ఉంది. రెండో మనిషి జగిత్యాల వైపు నుంచి వచ్చి ఇనుము కట్టే అన్న. ఆయన గదిలో ఉండే అతను ఎండదెబ్బకు సైట్‌లోనే పోతే, శవం ఇరవైరెండు రోజులు మార్చురీలో ఉండిపోయింది. ఇంకొకరి శవాన్ని అట్లా పడుండనివ్వనని చెప్పుకుంటూ అన్న గదిగదికీ తిరిగాడు.

శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మెస్‌లో చర్చ పెట్టాం. ప్రశ్నలు వేసేదీ నేనే, వీడియో తీసేదీ నేనే. ఆ శవం ఎందుకు ఆలస్యమైందని ముందు సారుని అడిగాను. ఆయన నోరు తెరిచి, మూసి, చాలాసేపు నేలకేసి చూశారు. శవాన్ని పంపే కాగితం తన బల్లమీదే ఆగిందని ఆయనకు తెలుసు. తర్వాత, నువ్వైతే ఏం చేసేవాడివని అన్నని అడిగాను.

"ఏం జేద్దును తమ్మీ. ఆ పొద్దు వాడు తల నొస్తుందన్నడు. డ్యూటీకి ఆలస్యమైతదని నేనే యల్లా యల్లా, జల్ది నడువు అని లేపి తోలిన" అన్నాడు. అంతే. ఆయనా నేలకేసే చూశాడు.

సాయంత్రం కూర్చుని కత్తెర వేశాను. సారు మౌనాన్ని మొత్తం తీసేసి, చేతులు కట్టుకుని నిలబడ్డ ముక్క కింద 'ఆలోచించి మాట్లాడే నాయకుడు' అని రాశాను. అన్న మాటలో, తనే లేపి తోలానని ఒప్పుకున్న ముక్క తీసేసి, ఆ మౌనాన్ని మాత్రం మూడుసార్లు తిప్పితిప్పి చూపించాను. వెనక నవ్వుల శబ్దం కలిపి, 'మాఫీ జవాబు' అని పేరు పెట్టాను. మాఫీ అంటే అక్కడ లేదు అని. క్యాంపంతా విరగబడి నవ్వింది. బాగా కుదిరిందని నేనూ మురిసిపోయాను.

సారు గెలిచారు. వారంలో నా సెలవు మంజూరైంది. కంపెనీ బస్సులో అందరూ అన్నని మాఫీ అనే పిలిచేవాళ్ళు. ఆయన నన్ను ఒక్కసారీ నిలదీయలేదు. స్టోరుకు వచ్చి, కట్టుతీగ తీసుకుని, సంతకం పెట్టి తలదించుకుని వెళ్ళేవాడు. అడగనందుకు బతికిపోయాననుకున్నాను. అంత సిగ్గులేనివాణ్ణి.

ఆ వీడియో చేతులు మారి మారి, గల్ఫ్‌లో ఏ దేశాన్నైనా దుబాయ్ అనే ఆ చనిపోయినతని ఊరు చేరింది. పోయినతని భార్య ఎవరినో బతిమాలి నా నంబరు సంపాదించి ఫోన్ చేసింది. తిడుతుందని గొంతు సవరించుకున్నాను. ఆమె తిట్టలేదు.

"అన్నా, ఆ దుబాయ్ వీడియో జేసింది నువ్వేనంట. మా ఆయన ముచ్చట రాంగనే అందరు నవ్వుతున్నరు. అంత నవ్వేటి పని ఏం జేసిండే ఆయన? నాకు ఎవ్వలు చెప్తలేరు" అంది.

ఆ నవ్వు నేను కలిపిందని చెప్పలేదు. మాట సరిగా వినపడడం లేదని చెప్పి పెట్టేశాను. తర్వాత కప్పు జరిగింది, అయిపోయింది, ఆ క్యాంపునూ ఎత్తేశారు. ఏళ్ళు గడిచేకొద్దీ నేను చేసిన పని చిన్నదైపోతుందనుకున్నాను. ఆమె మాత్రం ఇన్నేళ్ళుగా, తన భర్త చావులో నవ్వొచ్చేది ఏముందా అని ఆలోచిస్తూనే ఉండుంటుంది.