బంగారం బుస కొట్టిన వేసవి

మొన్న ఆదివారం పొద్దున పెసరట్టు పెనం మీద వేసి అల్లంముక్కలు చల్లుతున్నాను, జర్మనీలోనే ఆకెన్ ఊళ్ళో చదువుకుంటున్న మా చెల్లెలి కూతురు ఫోన్ చేసింది. గొంతులో ఏడుపు తన్నుకొస్తోంది. "పెద్దమ్మా, నా పాము మారిపోయింది. మొన్నటిదాకా చేతికి చుట్టుకుని బజ్జునేది. నిన్న మూత తీయగానే మీదకి దూకింది. ఫ్లాట్‌మేట్స్ అందరూ ఇచ్చెయ్యమంటున్నారు" అంది. నేను పెనం సంగతే మర్చిపోయాను. "పాము సంగతి తర్వాత చూద్దాం గానీ, గదిలో ఏం మారింది, అది చెప్పు" అన్నాను. ఏమీ మారలేదంది. మారే ఉంటుంది, నింపాదిగా ఆలోచించమన్నాను. కాసేపటికి గొంతు తగ్గించి, చోటు చాలక గాజుపెట్టెని వాషింగ్ మెషీన్ పక్కకి జరిపామని చెప్పింది. "నిన్ను తీసుకెళ్ళి రైలు పట్టాల పక్కన పడుకోబెడితే నువ్వు మాత్రం నవ్వుతూ లేస్తావుటే? ముందు దాన్ని పాత చోట పెట్టి, నాలుగు రోజులు దాని జోలికి వెళ్ళకు" అని ఫోన్ పెట్టేసి చూస్తే పెసరట్టు మాడిపోయింది. ఆ మాడు వాసనలో కూర్చుని చాలాసేపు మా అత్తగారిని తలుచుకున్నాను. ఎందుకంటే 'ఏం మారింది' అని అడగడం నేను నేర్చుకున్నది ఆవిడ మా ఇంటికొచ్చిన వేసవిలోనే.

ముందు ఒక మాట చెప్పేస్తాను. అవును, బెర్లిన్‌లో మా ఇంట్లో పాము ఉంది. ఉంటుంది. తెలుగువాళ్ళ పాట్‌లక్కులకి వెళితే నా పులిహోర గిన్నె వంక అనుమానంగా చూసేవాళ్ళున్నారు, నా వెనక 'పాము ఆంటీ' అని పిలుచుకునే పిల్లలున్నారు, పిలుచుకోనీండి. ఒక్కగానొక్క కొడుకు చదువుకని డ్రెస్డెన్ వెళ్ళిపోయాక ఇల్లు బావురుమంటోందని కుక్కని తెచ్చుకుందామన్నాను. మా ఆయనకి వెంట్రుకలంటే ఎలర్జీ. పిల్లి అన్నాను, అదీ ఎలర్జీయే. కుందేలంటే ఆ మాట వినగానే తుమ్మాడు. అప్పుడు నాకు ఒళ్ళు మండి, వెంట్రుకలు లేని ప్రాణి ఏదుందా అని వెతికి, దిక్కులేని పాములనీ తాబేళ్ళనీ చేరదీసే చోటుకి వెళ్ళి కోర్న్‌నాటర్ అనే జాతి పాముని తెచ్చుకున్నాను. విషం లేదు. ముదురు నారింజ రంగు ఒంటి మీద ఎర్రటి మచ్చలు, చేత్తో పట్టుకుంటే చల్లగా, మెత్తగా, పట్టు పంచె అంచులా ఉంటుంది. దానికి బంగారం అని పేరు పెట్టాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో తనని ఒక్కసారైనా అలా పిలిచానా అని మా ఆయన ఇప్పటికీ దెప్పుతాడు. ఆయన దెప్పడం న్యాయమే, నేను పిలవనిదీ నిజమే. ఆఫీసు నుంచి వచ్చి, బంగారాన్ని భుజం మీద వేసుకుని, కాఫీ తాగుతూ కిటికీ అవతల ట్రామ్‌లు చూస్తుంటే నాకు ప్రాణానికి హాయిగా ఉండేది.

ఆ ఏడు వేసవికి మా అత్తగారు విజయవాడ నుంచి విజిటర్ వీసా మీద వచ్చారు. మా మామగారు పోయాక ఆవిడ నలుగురు కొడుకుల ఇళ్ళలో వంతులవారీగా ఉండేవారు. మా ఇంట్లోవాళ్ళందరూ ఆవిడని కస్సుమనే మనిషి అనేవారు. ఉన్నట్టుండి కసిరేవారు, పెట్టిన కంచం పక్కకి తోసేవారు. అందరం 'ఆవిడ తత్వమే అంత' అనుకుని, వారం వారం ఫోన్ మాటల్లో అదే చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం. మాది రెండు గదుల ఫ్లాటు. ఈ ఊళ్ళో ఇంకో గది కావాలంటే మీటె, అదే అద్దె, కట్టడానికి ఇంకో ఉద్యోగం చేయాలి. అందుకని మా ఆయన హాల్లో సోఫా పరిచి అమ్మకి పక్క ఏర్పాటు చేశాడు. ఆ హాల్లోనే గోడవారగా బంగారం గాజుపెట్టె. ఆవిడ మొదటిరోజు దాన్ని చూసి, "ఇదా ఆ పురుగు" అని మొహం తిప్పుకున్నారు. మా వైపు పాముని పాము అనకుండా పురుగనే అంటారు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. గొడవ చేస్తారేమోనని బిక్కుబిక్కుమంటున్న నాకు ఎంత తేలిగ్గా అనిపించిందో చెప్పలేను. ఊరగాయలతో పాటు ఆవిడ తెచ్చిన ఇంగువ ముద్ద వల్ల ఇల్లంతా పప్పుచారు ఘుమఘుమలే. బెర్లిన్‌లో అంత బాగా భోంచేసిన రోజులు నాకు లేవు.

కొన్నాళ్ళకి బంగారం మారింది. మూత జరిపితే చాలు, మెడ వంచి ముడుచుకుని, తోక చివర గలగలా ఆడించి, బుస్సుమనేది. నీళ్ళగిన్నె మార్చబోతే నా చేతి మీదకి దూకింది. కాటు పడలేదు గానీ గుండె జారిపోయింది నాకు. భయంతో కాదు, బాధతో. నా చేతి మీద నిద్రపోయిన ప్రాణి నన్నే శత్రువులా చూస్తే ఎలా ఉంటుంది! మరో రెండు రోజులకి, కింద పడ్డ పెన్ను తీసుకుందామని మా ఆయన గాజుపెట్టె దగ్గర వంగేసరికి లోపలి నుంచి ఠప్పున అద్దానికి కొట్టింది. ఆయన సోఫా మీదకి ఎక్కేశాడు. దిగాక, "ఇక చాలు, వచ్చే శనివారం దీన్ని ఎక్కడ నుంచి తెచ్చావో అక్కడే అప్పజెప్పడానికి టెర్మిన్ తీసుకుంటున్నా" అన్నాడు. అపాయింట్‌మెంట్ తీసుకున్నాడు కూడా. ఇంటి అడ్రసు నమోదు చేయించుకోడానికి కూడా నెలల తరబడి టెర్మిన్ దొరకని ఈ దేశంలో, నా పాముని వదిలించుకోడానికి మాత్రం వారంలో దొరికింది! మా స్నేహితురాలికి ఫోన్‌లో చెప్పుకుంటే ఆవిడ, "పగబట్టిందండీ, మీరేదో చేసుంటారు, గుడిలో అభిషేకం చేయించండి" అంది. మా కొడుకు జర్మన్‌లో ఏదో వెటకారం రాసి పంపాడు. ఎవరేమన్నా శనివారంలోపు కారణం తెలుసుకుని తీరాలని పంతం పట్టాను. తెలుసుకోకుండా దాన్ని సాగనంపడమంటే, జ్వరం వచ్చిన పిల్లని హాస్టల్లో దిగబెట్టి రావడమే.

పాములు చూసే పశువుల డాక్టరమ్మ దగ్గరికి పెట్టెలో పెట్టుకుని ఎస్-బాన్ రైలు ఎక్కాను. నా ఎదుట కూర్చున్నాయన పెట్టెలో పిల్లి ఉందా అని ఆప్యాయంగా అడిగాడు, నేను నిజం చెప్పాను, తర్వాతి స్టేషన్లో దిగిపోయాడు. డాక్టరమ్మ బంగారం కళ్ళు చూసింది. కుబుసం విడిచే ముందు కళ్ళు పాలు కలిపినట్టయి చూపు ఆనదు, అప్పుడు పాములు భయంతో బుసకొడతాయట. కళ్ళు తేటగా ఉన్నాయి. నోరు తెరిపించి పుండ్లున్నాయేమో చూసింది, పొలుసుల కింద పేలున్నాయేమో వెతికింది, పొట్ట నొక్కి చూసింది. అన్నీ బాగానే ఉన్నాయి. అప్పుడు చేతులు తుడుచుకుంటూ, "మీ పాముకి ఏ జబ్బూ లేదు. దానికి కోపమూ తెలీదు, పగా తెలీదు, భయం ఒక్కటే తెలుసు. సాధువుగా ఉన్నది ఉన్నట్టుండి తిరగబడితే దానికేమైందని కాదు, దాని చుట్టూ ఏం మారిందని అడగాలి" అంది. దీపం వేడి, చప్పుళ్ళు, కొత్త వాసనలు, అన్నీ చూసుకోమంది.

సాయంత్రం మా ఆయనకి అదే చెప్పాను. "అయితే ఏం మారింది మనింట్లో?" అని అడిగాడు. "దీపం అదే, పెట్టె అదే. మారిందల్లా ఒక్కటే. మీ అమ్మగారు వచ్చారు" అన్నాను. అంతే! పాము మీద ఉన్న కోపమంతా నా మీదకి మళ్ళింది. పాము కోసం మా అమ్మని పంపెయ్యమంటావా అని ఆయన, నేనా మాట అన్నానా అని నేను, పాముకున్న విలువ మా అమ్మకి లేదని ఆయన, మీ అమ్మకి విలువిచ్చేవాళ్ళయితే సోఫా మీద పడుకోబెడతారా అని నేను. గోడ అవతల మా అత్తగారు వింటున్నారని ఇద్దరికీ తెలుసు. ఆవిడ టాబ్‌లో సీరియల్ సౌండు పెంచారు.

గురువారం సాయంత్రం కారణం దొరికింది. జర్మనీ వేసవి కదా, ఎనిమిదైనా పట్టపగల్లా ఉంది. బంగారం మూలకి నక్కి ఉంటే నీళ్ళగిన్నె మార్చి, పెట్టె వెనక గాలి ఆడే జాలీ దగ్గర మొహం పెట్టాను, గుప్పుమంది. ఇంగువ! నా చేతులేమోనని వాసన చూసుకున్నాను, సబ్బు వాసనే. పెట్టెని గోడ నుంచి జరిపితే జాలీ పొడవునా, పెట్టె చుట్టూతా, పసుప్పచ్చగా ఆరిపోయిన గీత. ఒకసారి రాసింది కాదు, పూత మీద పూత. స్టాండు కింద నాలుగు మూలలా గుడ్డముక్కల్లో మూటకట్టిన వెల్లుల్లి రెబ్బలు. మా ఇంట్లో వెల్లుల్లి ఎందుకంత త్వరగా అయిపోతోందో అప్పుడు తెలిసింది.

"అత్తయ్యగారూ, ఇదేంటండీ?" అన్నాను.

"ఇంగువ. ఇంగువంటే తెలీదా?" అన్నారు టాబ్‌లోంచి తల ఎత్తకుండా. "రోజూ స్నానం కాగానే రాస్తున్నా. మా అమ్మ పొలంలో పాక చుట్టూ ఇంగువ నీళ్ళు చల్లేది. ఒక్క పురుగు దగ్గరకొచ్చేది కాదు."

"అది బయట ఉన్నది లోపలికి రాకుండా చల్లేదండీ. ఇది లోపలే ఉంది, ఎక్కడికి పోతుంది? వాసనంతా నాలుకతోనే పట్టుకుంటుందది. మీరు చుట్టూ ఘాటు పెడితే పారిపోడానికి దారి లేక బుస కొడుతోంది."

ఆవిడ టాబ్ బోర్లించారు. "అంటే పనిచేస్తోందన్నమాట!" అన్నారు. ఆ మొహంలో గర్వం చూడాలి మీరు. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే నవ్వొచ్చినందుకు కోపమొచ్చింది. పట్టరాని కోపంతో ఏదో అనబోయాను. ఆవిడ చెయ్యెత్తి ఆపారు.

"గొంతు లేపకు అమ్మాయ్. దాని తలకీ నా తలకీ మూరెడు ఎడం పెట్టి పడుకోబెట్టారు నన్ను. దానికి ఒంట్లో బాగోలేదేమోనని టెర్మినో గిర్మినో తీసుకుని పరిగెత్తావు. 'నీకు భయమేస్తోందా' అని ఈ ఇంట్లో నన్ను ఒక్కళ్ళన్నా అడిగారుటే?"

ఆవిడ పక్కన నేల మీద కూర్చుండిపోయాను. "భయమేస్తోందా అత్తయ్యగారూ?" అని అడిగాను. "ఎందుకెయ్యదే! వచ్చిందగ్గర్నుంచీ కంటి మీద కునుకుంటే ఒట్టు" అన్నారు. మరి చెప్పొచ్చు కదా అంటే, "చెబితే ముసల్దాని నస అంటారు. మీ మామగారు పోయిన కాణ్ణుంచీ చూస్తున్నా. నేనెక్కడ ఉండాలో, ఎన్నాళ్ళుండాలో, ఏ మూల పడుకోవాలో నన్ను తప్ప అందర్నీ అడుగుతారు" అన్నారు. కసిరినట్టే అన్నారు గానీ కళ్ళలో నీళ్ళున్నాయి. అన్నేళ్ళూ మేం చెప్పుకుని నవ్వుకున్న కస్సుబుస్సులన్నీ వరసగా గుర్తొచ్చి నాకు సిగ్గేసింది.

మా ఆయన ఆ రాత్రి ఆలస్యంగా ఆఫీసు నుంచి వచ్చేసరికి పడగ్గదిలో మా దుప్పట్లు తీసి ఆవిడ దుప్పట్లు పరిచేశాను. ఇకనుంచి మనిద్దరం హాల్లో అన్నాను. "ఆ పాము పక్కనా? మరి శనివారం టెర్మిన్?" అన్నాడు. "అది అలాగే ఉండనివ్వండి, మీరెళ్ళండి. దిక్కులేనివాళ్ళని తీసుకుంటారు వాళ్ళు" అన్నాను. పడగ్గదిలోంచి మా అత్తగారి నవ్వు వినిపించింది. ఆవిడ అంత గట్టిగా నవ్వగా వినడం నాకదే మొదలు. మా ఆయన నన్ను చూశాడు, పడగ్గది తలుపు చూశాడు, ఫోన్ తీసి టెర్మిన్ రద్దు చేశాడు.

పెట్టె ఖాళీ చేసి వేడినీళ్ళతో కడిగాం, అడుగున పరిచిన పొట్టు మార్చాం, జర్మన్లు చలికాలంలో కూడా మానని పద్ధతిలో కిటికీలన్నీ బార్లా తెరిచాం. బంగారం వెంటనే మారలేదు. చాలా రోజులు మూలనే ఉంది. నేనూ తొందరపెట్టలేదు, పక్కన కూర్చుని కాఫీ తాగేదాన్ని. ఒకరోజు నాలుక ఆడించుకుంటూ వచ్చి నా వేళ్ళ సందుల్లోంచి మెల్లగా మణికట్టు మీదకి పాకింది. గుమ్మంలో నిలబడి చూస్తున్న మా అత్తగారు, "ఏడవకే, పాము దక్కిందిగా" అన్నారు. ఆవిడ దాన్ని ముట్టుకోలేదు, నేను ముట్టుకోమనలేదు. కానీ పడగ్గది గడప మీద, ఈ చివర నుంచి ఆ చివరికి, ఇంగువతో ఒక గీత గీసుకున్నారు. మా ఆయన ఏదో అనబోతే, "అది నా గుమ్మం, నా ఇష్టం" అన్నారు. నేను ఆవిడ పక్షమే నిలబడ్డాను. ఆ తర్వాత వెళ్ళేదాకా హాయిగా నిద్రపోయారు. విజయవాడ నుంచి ఫోన్ చేసినప్పుడల్లా మొదట అడిగే మాట, "ఏమంటోందే నీ పాము?"

ఆవిడ పోయి ఏడాది దాటింది. బంగారం ఇది రాస్తున్నప్పుడు నా ఒళ్ళో ఉంది. గడప మీద ఆ పచ్చటి మరక ఇంకా కనిపిస్తూనే ఉంది, వానపడ్డ రోజున ముక్కు దగ్గర పెడితే వాసన కూడా తెలుస్తుంది. ఇల్లు ఖాళీ చేసే రోజున ఓనరు రంగులు వేయించమంటాడు, ముందే తుడిచెయ్యమని మా ఆయన గొడవ. తుడవను. అంత చిన్న చోటు అడగడానికి ఆవిడకి ఒక జీవితకాలం పట్టింది. చెరపాలనుంటే కాలాన్నే వచ్చి చెరుపుకోమనండి, నేను మాత్రం గుడ్డ ముట్టను.