ఎర్ర లైటు వెలిగిన మైకు

ఒక్క పేరు చెప్పి ముప్పై మంది ముంగట దొరికిపోయిన ముచ్చట చెప్తా, ఇనుండ్రి. తప్పు మైకుది కాదు, దాన్ని కొన్నోనిది. అంటే నాది.

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులు. దిల్‌సుఖ్‌నగర్‌ల ఒక కోచింగ్ సెంటర్‌కు నేను ఆఫీస్ మేనేజర్‌ని. మాది నల్గొండ దిక్కు పల్లె. మా చైర్మన్ గారిది గుంటూరు. స్టాఫ్‌ల సగం మంది ఇటోళ్లు, సగం మంది అటోళ్లు. బంద్‌లతోని క్లాసులు నడుస్తలేవు. బ్రాంచ్ మూసేస్తరని పుకారు. టీ కాడ గూడ రెండు గుంపులైనయ్.

చైర్మన్ గారు నన్ను పిలిచి, "రేపు బోర్డ్‌రూంలో మీటింగ్. నేను చెప్పేది కింద స్టాఫ్‌రూంలో అందరికీ వినపడాలి. టేబుల్ మీద పెట్టే మంచి మైకు ఒకటి చూడు నరసింహా" అన్నరు.

ఎల్బీనగర్‌ల సౌండ్ సామాన్ల షాపుకు పోయిన. షాపాయన రెండు గూస్‌నెక్ మైకులు ముంగట పెట్టిండు. సన్నటి మెడ, ఎటు ఒంచితే అటు ఒంగుతది. ఒకటి పొట్టిది, ఒకటి పొడుగుది.

"మీ సార్ ముందుకు ఒంగి మాట్లాడతరా, కుర్చీల ఎనక్కి వాలి మాట్లాడతరా?"

"వాలే మాట్లాడతరు."

"అయితే పొడుగుదే తీస్కో. మెల్లగ మాట్లాడినా పట్టుకుంటది" అని బటన్ సంగతి చెప్పవట్టిండు. గప్పుడే సర్కిల్ కాడ రాస్తారోకో మొదలైందని పక్క షాపులోళ్లు షట్టర్లు గుంజిన్రు. ఈయన గూడ గుంజవట్టె. "ఎర్ర లైటు చూస్కో అన్నా" అన్న కాడికే ఇనపడ్డది. బండి స్టార్ట్ చేసుకుంట నాకు నేనే సమజ్ చేసుకున్న. ఎరుపంటే ఆగుడే గదా, సిగ్నల్ కాడ చూస్తలేమా.

తెల్లారి వైర్లు కలిపే టైంకు కరెంటు పోయింది. అది ఒచ్చేసరికి చైర్మన్ గారు, ఇంకో పార్ట్‌నర్ వచ్చి కూసున్నరు. టెస్ట్ చేసే టైం దొరకలే. లైటు ఎలుగుతలేదు గదా, మైకు ఆన్‌ల ఉందనుకున్న.

చైర్మన్ గారు పావుగంట మంచిగ మాట్లాడిన్రు. బ్రాంచ్ మూసేది లేదు, ఎవరి ఉద్యోగమూ పోదు, పోయిన క్లాసులు ఆదివారాలు చెప్పుకుందాం అన్నరు. అయినంక మైకు ఆపమన్నరు. బటన్ ఒత్తిన. మెడ చుట్టూ ఎర్ర లైటు వెలిగింది.

"ఆఫ్ అయిందా?"

"అయింది సార్."

ఆయన గొంతు తగ్గించిన్రు. "మొన్న మన గేటు ముందు రోడ్డు మీద వంటా వార్పు చేశారు కదా. అందులో మన స్టాఫ్ ఎవరెవరున్నారో పేర్లు చెప్పు."

చెప్తే రేపు నా మొఖం ఎవరూ చూడరు. చెప్పకపోతే అనుమానం నా మీదికే ఒస్తది. పార్ట్‌నర్ కాయితం మీద పెన్ను పెట్టి చూస్తున్నడు. అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. వాళ్ల దిక్కు మనిషి పేరే చెప్తే లిస్టు ఆన్నే ఆగిపోతది.

"రాసుడైతే మొదలు సుజాత మేడమ్ పేరు రాయాలె సార్. రోడ్డు మీద కూసున్నోళ్లందరికీ ఆమెనే చారు పోసింది."

సుజాత మేడమ్ మా మ్యాథ్స్ లెక్చరర్. తెనాలి ఆమె.

పెన్ను ఆగింది. మెట్ల మీద చెప్పుల సప్పుడు. తలుపు తెరుచుకున్నది. ముంగట సుజాత మేడమ్, ఎనక స్టాఫ్ మొత్తం.

"నేను చారు పోయలేదు సార్" అన్నది నెమ్మదిగ. "ఆకలితో ఉన్నారని పప్పు వడ్డించాను. చారు పోసింది ఈయనే."

చైర్మన్ గారు నన్ను చూసి, ఆమెను చూసిన్రు. "ఇక్కడి మాటలు మీకెలా తెలిశాయమ్మా?"

"స్పీకర్లో వస్తున్నాయండీ. పావుగంట నుంచి ఏమీ రాకపోతే మీటింగ్ మొదలవ్వలేదేమో అనుకున్నాం. మొదట వినపడింది 'ఆఫ్ అయిందా' అన్న మీ మాట. తర్వాత 'అయింది సార్' అని ఈయన."

ఎర్ర లైటు వెలిగితేనే మైకు ఆన్‌ల ఉన్నట్టని గప్పుడు సమజైంది. ఉద్యోగాలు పోవన్న మాట ఒక్కరికి చేరలే, పేర్లు అడిగిన మాట అందరికీ చేరింది. చైర్మన్ గారు లేచి, పార్ట్‌నర్ చేతుల కాయితం తీసుకొని చింపిన్రు. "అలా అడగడం నా పొరపాటు" అని, ఆ పావుగంట మాటలన్నీ తలుపు కాడ నిలబడి మళ్ల చెప్పిన్రు.

పది రోజులకు మళ్ల రోడ్డు మీద వంట అన్నరు. నేను సీట్ల తల దించుకొని పని చేస్కుంటున్న. సుజాత మేడమ్ కాయితం పట్టుకొని ఒచ్చింది.

"రేపు వడ్డనకి వస్తారా? దాపరికం ఎందుకని, ఈసారి పేర్లు మేమే రాసి చైర్మన్ గారికి ఇచ్చేస్తున్నామండీ."

"ఒస్తా మేడమ్" అన్న. "పేరు మాత్రం జర మీ పేరు కిందనే రాయుండ్రి."