పటేల్ అరుగు మీద నా పీహెచ్‌డీ

ఆ రోజుల్లో నాకు భయపడడానికి కారణాలు వెతుక్కునే పని ఉండేది కాదు. పొద్దున లేచేసరికి ఏదో ఒకటి దానంతటదే వచ్చి గుమ్మంలో నిలబడేది. కుక్కంటే భయం, షేర్ ఆటోలో డ్రైవరు పక్కన కూర్చోవాలంటే భయం, కండక్టరు చిల్లర అడిగితే అదో భయం. (ఇప్పుడు నా క్లాసులో పిల్లలకి ఈ మాట చెబితే నమ్మరు. నన్ను చూస్తే వాళ్లకే భయమట.) అలాంటి నాకు రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఒక ఫెలోషిప్పు వచ్చింది. నెలనెలా డబ్బులిచ్చి మరీ డాక్టరేటు చదివిస్తారు. విషయం పేరు ‘క్లీన్ ఎనర్జీ ట్రాన్సిషన్ ప్లానింగ్’. దుండిగల్ దగ్గర కొత్తగా వెలిసిన మా కాలనీలో ఆ పేరు తప్పు లేకుండా పలికినవాళ్లు ఎవరూ లేరు. మా అమ్మ మాత్రం పక్కింటివాళ్లకి, “కరెంటు డాక్టరు చదువుతోందండీ” అని చెప్పేసి సుఖంగా ఉండేది.

నాన్న అంత సుఖంగా లేరు. గోదావరి జిల్లా నుంచి బదిలీ మీద వచ్చి ఇక్కడే స్థిరపడ్డ ఉద్యోగి ఆయన. పరీక్ష రాస్తే ఉద్యోగం రావాలి, అంతేగానీ చదువుకుంటే డబ్బులివ్వడమేమిటని ఆయన అనుమానం. “దీంట్లో ఏదో తిరకాసు ఉందమ్మా. మూడు నెలలు చూడు. కుదరకపోతే బుద్ధిగా బ్యాంకు పరీక్షలు రాసుకో,” అన్నారు. తిరకాసు నిజంగానే ఉంది. మూడో నెలాఖరుకి ఒక ఊళ్లో ఇంటింటి సర్వే పూర్తిచేసి చూపించాలి. లేకపోతే ఫెలోషిప్పు జాబితాలో నా తర్వాతి అబ్బాయికి వెళ్లిపోతుంది. ఆ మాట చెప్పింది మా గైడు. ఆయన్ని మేమందరం చాటుగా ‘ఉరుము సారు’ అనేవాళ్లం. ఎదురుగా మాత్రం ఎవరికీ నోరు పెగిలేది కాదు.

మూడో నెల సగమయ్యాక, ఇక తప్పదని ఒకరోజు బయల్దేరాను. గండిమైసమ్మ చౌరస్తాలో బస్సెక్కి మేడ్చల్, అక్కణ్నుంచి ఇంకో బస్సులో శామీర్‌పేట, ఆ పైన షేర్ ఆటో. ఊళ్లో దిగేసరికి ఎండ నడినెత్తిన ఉంది. చేతిలో ఊరి పటం. ఏ ఇంట్లో కట్టెల పొయ్యి ఉందో ఆ ఇంటి మీద ఎర్ర పెన్సిలుతో చుక్క పెట్టాలి, గ్యాసుంటే పచ్చచుక్క. ఎవర్నైనా పలకరించాలంటే భయం కాబట్టి తెలివిగా ఒక ఉపాయం కనిపెట్టాను. గోడల పైనుంచి లేస్తున్న పొగని చూసి, ఎవర్నీ అడక్కుండానే చుక్కలు పెట్టుకుంటూ పోవడం! పరిశోధన ఇంత సులువా అనుకుంటూ పది పదిహేను ఇళ్లు దాటానో లేదో, వెనక చాలా చెప్పుల చప్పుడు వినిపించింది. తిరిగి చూస్తే సగం ఊరు.

“ఏ ఆఫీసు నుంచి వచ్చినవ్?” అన్నాడు ముందున్న తెల్లపంచె పెద్దాయన. ఆ ఊరి పటేల్. పొలాలున్న మనిషి, మాటకి బరువున్న మనిషి.

“ఆఫీసు కాదండీ... నేను... ఫెలోషిప్పండీ,” అన్నాను.

“గీ ఎర్రసుక్కలేంది?”

“ఇళ్లండీ.”

“ఎవలిండ్లు?”

“మీవేనండీ.”

గుంపంతా ఒక్కసారి గుసగుసలాడింది. నన్ను తీసుకెళ్లి పటేల్ ఇంటి అరుగు మీద కూర్చోబెట్టారు. ఎవరూ చెయ్యి వెయ్యలేదు, ఒక్క దురుసు మాట అనలేదు. పైగా ‘సల్ల తాగు’ అంటూ గ్లాసెడు మజ్జిగ ఇచ్చారు. అయితే నా సంచీ మాత్రం పటేల్ ఒళ్లోకి పోయింది. సంగతేమిటంటే, అంతకుముందు పక్క ఊళ్లో ఇలాగే ఎవరో వచ్చి ఇళ్లూ పొలాలూ రాసుకుపోయారట. నెల తిరగ్గానే రోడ్డు కోసం భూములు పోతాయని నోటీసులొచ్చాయట. “గిప్పుడు మా జాగలు గుంజుకోనీకి వచ్చినవా?” అని ఒకతను అరిచాడు. కోపంగానే అడిగాడు కానీ గొంతు వణికింది. (వాళ్లు కూడా భయపడుతున్నారన్న ఊహ ఆ క్షణాన నాకు తట్టనే లేదు. భయం మొత్తం నా ఒక్కదాని సొత్తే అనుకున్నాను.)

“కాదండీ బాబాయి గారూ, కావాలంటే మా సారునడగండి,” అన్నాను. జీవితంలో నేనిచ్చిన సలహాల్లోకెల్లా చెత్త సలహా అదే. అరుగు పక్కనే కిరాణా కొట్టు, అందులో ఫోను. నేను చెప్పిన నంబరు పటేల్ కలిపాడు. మా సారు గొంతుకి ఫోను అవసరం లేదు, అలవాటు కొద్దీ వాడేవారు. వీధిలో నిలబడ్డ అందరికీ స్పష్టంగా వినబడింది.

“అవునయ్యా, మా అమ్మాయే! మీ ఊరి భవిష్యత్తంతా మేము ప్లాన్ చేస్తున్నాం. ఇప్పుడున్న స్థితి నుంచి మీ ఊరిని పూర్తిగా మార్చేస్తాం. చూస్తూ ఉండు, కొన్నేళ్లలో మీ ఊళ్లో ఒక్క ఇంట్లోంచి కూడా పొగ లేవకుండా చేస్తాం!”

ఫోను కట్టయింది. ఇంట్లో పొగ లేవదంటే ఆ ఇల్లు పాడుపడ్డట్టేనని ఏ పల్లెలోనైనా అర్థం. మా సారు ఆ మాట శాపంలా కాదు, వరంలా అన్నారు. అది అరుగు మీదున్న నాకు తప్ప ఎవరికి తెలుస్తుంది? పటేల్ ఫోను పెట్టేసి నా వైపు చూశాడు. ఆ చూపులో నాకు పోలీస్ స్టేషనూ, మర్నాటి పేపరూ, ఫెలోషిప్పు అందుకుంటున్న తర్వాతి అబ్బాయీ, “నే చెప్పలా” అంటున్న నాన్నా వరసగా కనిపించారు. ఏదో వివరిద్దామని నోరు తెరిచాను. మాటకి బదులు ఏడుపొచ్చింది. మర్యాదగా కళ్లొత్తుకునే ఏడుపు కాదు. చంటిపిల్లలా ఎక్కిళ్లు పెట్టి, ముక్కు చీదుకుంటూ, “అమ్మా, నేను ఇంటికెళ్లిపోతాను” అంటూ ఏడ్చాను. ఇరవై మూడేళ్ల పరిశోధకురాలిని!

అప్పుడు గడపలో కూర్చున్న ముసలావిడ, పటేల్ తల్లి, ఊరందరికీ అవ్వ, లేచి వచ్చింది. నా గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి చూసి కొడుకు వైపు తిరిగింది.

“ఓరి పిచ్చోడా, గీ పిల్ల సర్కారు మనిషి గాదు. సర్కారోల్లు ఏడిపిస్తరు గని ఏడ్వర్రా!”

ఎవరో కిసుక్కుమన్నారు. అవ్వ నా పక్కన చతికిలబడి, “పరేషాన్ గాకు బిడ్డా. ఇగ సెప్పు, మా ఇండ్లల్ల పొగ నీకేం జేసింది?” అని అడిగింది. ఎక్కిళ్ల మధ్యనే చెప్పాను. కట్టెల పొగతో ఆడవాళ్ల కళ్లూ ఊపిరితిత్తులూ పాడవుతాయనీ, పేడగ్యాసు గానీ మామూలు గ్యాసు గానీ సోలారు గానీ ఎవరికి ఏది, ఎప్పుడు, ఎలా అందించాలో లెక్కవేయడమే నా చదువనీ. అవ్వ కాసేపు తన ఎర్రబారిన కళ్లు కొంగుతో తుడుచుకుంది.

“గా మాట ముందుగాల జెప్పొద్దా? దొంగ లెక్క గోడల మీదికెళ్లి సూస్తె ఎవలు నమ్ముతరు?”

ఆ మధ్యాహ్నం అవ్వ ముందు, నేను వెనక. ప్రతి వంటింట్లోకీ తీసుకెళ్లి, “జల్దీ చెప్పుండ్రి, పిల్ల మల్లేడుస్తది” అని బెదిరించి మరీ జవాబులు చెప్పించింది. నేను రాసిపెట్టుకున్న ప్రశ్నలు ఇరవై అయితే, ఆడవాళ్లు చెప్పిన జవాబులు రెండు వందలు. ఒకావిడైతే తన ఇంటికి చుక్క చిన్నదిగా పెట్టానని అలిగింది. పొద్దు వాలుతుంటే పటేల్ తన స్కూటరు మీద శామీర్‌పేట దాకా దింపాడు. బస్సు వస్తుంటే, ఎవరూ వినకుండా చిన్నగా అడిగాడు:

“నిజంగనే మా జాగ పోదు గద బిడ్డా?”

“పోదండీ,” అన్నాను. నాకేం తెలుసని అన్నానో ఇప్పటికీ తెలీదు. అంత భయపడిన మనిషి ముందు ఇంకో మాట అనడానికి నోరు రాలేదు, అంతే.

ఫెలోషిప్పు నిలబడింది. డాక్టరేటు కూడా వచ్చింది. ఆ ఊరి పొలాల్లో కొంత భాగం తర్వాత రోడ్డుకి పోయింది, మిగిలినదాంట్లో చాలామటుకు ఇళ్ల స్థలాల వెంచర్లయింది. పటేల్ కుటుంబం బాగానే స్థిరపడిందని విన్నాను, అవ్వ ఇక లేదనీ విన్నాను. ఆ వైపు వెళ్లినప్పుడల్లా కిటికీలోంచి చూస్తాను. ఎక్కడ ఏ వీధి ఉండేదో గుర్తుపట్టలేను.

ఇప్పుడు నేను పెద్ద పెద్ద మీటింగుల్లో కూర్చుని, ఊళ్లకి ఊళ్లు రాబోయే ఇరవయ్యేళ్లలో ఎలా మారాలో గొంతు తొణక్కుండా చెబుతుంటాను. అందరూ తలలూపుతారు. అలాంటప్పుడు ఒక్కోసారి చివరి కుర్చీలో ఆ ఇరవై మూడేళ్ల పిల్ల కూర్చున్నట్టు అనిపిస్తుంది. లేచి నన్ను ఒక్క ప్రశ్న అడగాలని ఉంటుంది దానికి, కానీ ధైర్యం చాలదు, పెన్ను నములుతూ కిందికి చూస్తుంది. దాన్ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, “అడుగమ్మా, ఏం ఫరవాలేదు” అనాలనిపిస్తుంది. కానీ అది ఏం అడుగుతుందోనని, ఈ వయసులో, నాకే కాస్త భయం.