జీపు చుట్టూ పోసిన బూడిద

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇది రాయడం మొదలుపెట్టే ముందు కూడా ఆ మాట నన్ను నేనే మరోసారి అడిగి చూసుకున్నాను. లేదు. అందుకే చూసింది చూసినట్టు రాస్తున్నాను, దానికి పేరు పెట్టడం లేదు.

మాది జనగామ. నాయినది కిరాణా హోల్‌సేల్ దుకాణం. నాకు గల్లాపెట్టె ముందు కూర్చోవడం ఇష్టం లేక సివిల్ డిప్లొమా చదివి, ఒక కాంట్రాక్టరు దగ్గర కాలువ సర్వే పనిలో చేరాను. ప్రత్యేక రాష్ట్రం కోసం ఊళ్లన్నీ రోడ్డెక్కిన చలికాలం అది. అప్పటికి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఏవీ జిల్లాలు కావు. అన్నీ వరంగల్ కిందే.

మా క్యాంపు భూపాలపల్లి దాటాక అడవి అంచున ఉండేది. నాలుగు గుడారాలు, ఒక జీపు. జీపు డ్రైవర్ లచ్చు నాయక్‌ది కురవి దగ్గర తండా. యాభై దాటిన మనిషి. చిన్నప్పుడు కట్టెలు కొడుతుంటే గొడ్డలి జారి ఎడమకాలి చిటికెన వేలు పోయింది. నేను లచ్చన్నా అనేవాణ్ణి, ఆయన నన్ను సార్ అనేవాడు.

అడవిలో బండి నిలిపితే అసలు బాధ జంతువులతోనే. చలికి అవి వెచ్చటి ఇంజను వెతుక్కుంటూ వస్తాయి. మొదటి వారంలోనే ఎలుకలు వైర్లు కొరికేసి ఒక రోజంతా పని ఆగిపోయింది. ఇంకోసారి బానెట్ ఎత్తితే బ్యాటరీ పక్కన ముంగిస పిల్లలను పెట్టి ఉంది. లచ్చన్న వాటిని గోనెపట్టాలో ఎత్తి పొదలో వదిలివచ్చాడు. ఆ రోజంతా తల్లి ముంగిస జీపు చుట్టూ తిరుగుతూనే ఉంది.

ఆ తరువాత ఆయన ఒక పద్ధతి పెట్టాడు. సాయంత్రం బండి ఆపగానే బానెట్ ఎత్తి ఇంజను పూర్తిగా చల్లారనిచ్చేవాడు. మా దుకాణం నుంచి నేను తెచ్చిన పొగాకు కాడలను గుడ్డల్లో మూటలు కట్టి లోపల సందుల్లో పెట్టేవాడు. చక్రాల చుట్టూ రేగుకంప పేర్చేవాడు. చివరగా వంటపొయ్యి బూడిద జల్లెడ పట్టి, జీపు చుట్టూ రెండు బారల వెడల్పున పరిచేవాడు. పొద్దున దాని మీది అడుగులను బట్టి ఏది వచ్చిందో, ఎటు పోయిందో చెప్పేవాడు. అడవిపిల్లి, ముంగిస, ఒకసారి ముళ్లపంది. అన్నీ కంప దాకా వచ్చి మళ్లిపోయేవి.

అంతలో బందులు మొదలయ్యాయి. బస్సులు ఆగిపోయాయి. మిగతావాళ్లంతా దొరికిన దారిన ఇళ్లకు పోయారు. సామాన్లకు కాపలాగా నేను, లచ్చన్న మిగిలాం. అక్కడ ఫోనుకు సిగ్నల్ లేదు. ఇంటి కబురు తెలియక లచ్చన్న పరేషాన్ అయ్యేవాడు. భార్య కమ్లికి అంతకుముందే జ్వరం వచ్చి తగ్గింది. ఒంటరిగా ఉంటుందని పదే పదే అనేవాడు.

అట్లా మూడో రోజు పొద్దున నన్ను పిలిచి బూడిద చూపించాడు.

మనిషి అడుగులు. చెప్పుల్లేని పాదాలు. అవి ఇంజను కింద మొదలై, రేగుకంపను దాటి, బూడిద అంచు దాకా పోయి ఆగాయి. అవతల గట్టి మొరం నేల, అక్కడ గుర్తులు పడవు. పోయిన అడుగులే తప్ప వచ్చిన అడుగులు ఎక్కడా లేవు. కంప ఒక్క కొమ్మ కూడా జరగలేదు. ఎడమ పాదానికి చిటికెన వేలు లేదు.

నిద్రలో నడిచి ఉంటావని అన్నాను. ఆయన తన పాదాలు చూపించాడు. గోళ్ల సందుల్లో కూడా బూడిద లేదు. నాకు నిజంగా కోపం వచ్చింది. ఇంటికి పోవడానికి నాటకం ఆడుతున్నాడనుకున్నాను. ఆ మాట అనేశాను కూడా. ఆ మాటను ఇప్పటికీ మరిచిపోలేదు.

మర్నాడు మళ్లీ అవే అడుగులు, అదే చోటు నుంచి. ఆ సాయంత్రం బూడిద నేనే పరిచాను. పడుకునే ముందు లచ్చన్న ఒక తాడు తెచ్చాడు.

"నా కాలు నీ మంచానికి కట్టు సార్. ముడి నువ్వే ఎయ్యి."

సామాన్ల లారీలకు వేసే ముడి వేశాను. అది చిన్నప్పటి నుంచి మా దుకాణంలో నేర్చుకున్నది, ఒక చేత్తో విప్పడం కుదరదు. తెల్లారేసరికి ముడి నేను వేసినట్టే ఉంది. లచ్చన్న గురక పెడుతున్నాడు. బయటకు పోయి చూశాను. అడుగులు ఉన్నాయి. బూడిద మీద మంచు పడి పైపొర తడిగా ఉంది. అడుగుల లోపల మాత్రం పొడిగా ఉంది.

ఆయన ఆ జీపు ముట్టనన్నాడు. నాకు డ్రైవింగ్ రాదు. సామాన్లను గుడారంలో పెట్టి కట్టేసి ఇద్దరం నడిచాం. రేగొండ దారిలో రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంట చేస్తూ బైఠాయించిన వాళ్లు మాకు అన్నం పెట్టారు. బండి వదిలి ఎందుకొచ్చారని అడిగితే లచ్చన్న తల వంచుకుని తిన్నాడు. ఒక ట్రాక్టరు మమ్మల్ని చాలా దూరం తీసుకుపోయి దింపింది, అక్కడ చెరో దారి పట్టాం. మర్నాడు మధ్యాహ్నానికి ఆయన తండా చేరాడని, నేను జనగామ చేరాక కబురు అందింది.

పది రోజుల తరువాత ఇంకో డ్రైవరుతో పోయాను. పట్టించుకునే దిక్కు లేని బండి కదా, ఇంజను ఎలుకల పాలయి ఉంటుందనుకున్నాం. వైరు ఒక్కటి తెగలేదు. పెంటిక లేదు, సాలెగూడు కూడా లేదు. పొగాకు వాసన ఎప్పుడో పోయింది. ఆ పది రోజులూ ఏ జంతువూ దాని దగ్గరికి రాలేదు.

లచ్చన్న బట్టలు, రేడియో క్యాంపులోనే ఉండిపోయాయి. ఇచ్చి వద్దామని తండాకు వెళ్లాను. అంత చలిలోనూ మంచాలు రెండూ వసారాలో ఉన్నాయి. లోపలి గదికి గొళ్లెం పెట్టి ఉంది. కమ్లి చాయ్ ఇచ్చి, భర్త ముందే నన్ను అడిగింది.

"సారూ, బస్సుల్లేని దినాలల్ల ఈయన మూడు పొద్దులు ఇంటికి ఎట్ల వచ్చిండు?"

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. మొదటి పొద్దున తలుపు దగ్గర నిలబడ్డాడట. మోకాళ్ల దాకా బూడిద. పలకరిస్తే పలకలేదు, నీళ్లు తాగి పోయాడు. రెండో పొద్దునా అంతే. మూడో పొద్దున లోపలికి వచ్చి, గదిలో గోడవైపు తిరిగి పడుకున్నాడు. అలిసిపోయాడని దుప్పటి కప్పింది. పొద్దుగూకినా లేవలేదు. ఆ రాత్రి ఆమె వసారాలోనే పడుకుంది.

"తెల్లారి పగటీలి ఈయన సంచి పట్టుకొని వాకిట్లకొచ్చిండు. నేను ఉరికి లోపలి అర్రల చూసిన. పండుకున్నాయన ఇంక పండుకునే ఉన్నడు. తలుపు పెట్టి గొళ్లెమేసిన. మళ్ల తియ్యలే."

క్యాంపు నుంచి ఆ తండాకు వంద కిలోమీటర్ల పైనే.

లచ్చన్న నేల చూస్తూ అన్నాడు. "నాకేం యాద్ లేదు సార్. ఇంటికి పోవాలె, ఇంటికి పోవాలె అని మాత్రం మస్తు అనిపిచ్చేది."

నేను లేచి ఆ తలుపు దాకా పోయాను. తీసి చూపిస్తే వాళ్ల భయం పోతుందనుకున్నాను. గొళ్లెం మీద చెయ్యి వేశాను. ఇద్దరూ నన్ను వద్దనలేదు, తియ్యమనలేదు.

తియ్యలేదు. దయ్యాలను నమ్మని మనిషిని, ఎందుకు తియ్యలేదో ఇన్నేళ్లయినా చెప్పలేను.