లైసెన్సు విమానానికి పెద్ద తోక

సౌదీలోని దమ్మామ్‌లో మా కంపెనీ విదేశీ లైసెన్సు మీద కంప్రెసర్లు తయారుచేస్తుంది. అంటే డిజైను వాళ్లది, చెమట మాది. నేను అక్కడ డ్రాఫ్ట్స్‌మన్‌ని. మా మేనేజరుది విజయవాడ. మనవాడే కదా అని మొదట్లో సంబరపడ్డాను, నా ఖర్మ!

ఆ కంప్రెసర్లు మేం బిగించిన మోటారుకి గజగజ వణికేవి. మోటారును మోసే కింది బ్రాకెట్‌ను మందంగా మార్చి గీశాక వణుకు ఆగింది. గీసింది నేను. డ్రాయింగును లైసెన్సు ఇచ్చినవాళ్ల ఆమోదానికి పంపేటప్పుడు, మార్పు చేసినవారి గడిలో ఆయన తన పేరు వేసుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అప్పట్నించీ మేమిద్దరం ఉప్పూ నిప్పూ.

సంతకాలకు ఆ విదేశీయులే వస్తున్నారని తెలిసి, సిగ్గు చంపుకుని మేనేజరునే అడిగాను.

"ఆ బ్రాకెట్ మార్చింది నేనేనని వాళ్లతో ఒక్క మాట చెప్పండి సార్."

"చూద్దాంలేవయ్యా. ముందు వాళ్లు చూసేలా హాల్లోకి వాళ్ల విమానం బొమ్మ ఒకటి చెయ్యి."

పక్కనే అల్ ఖోబర్‌లో మా ఇంట్లో తీరిక దొరికితే నేను చేసేది విమానాల బొమ్మలే. ఈసారి చెయ్యాల్సింది రెండు ప్రపంచ యుద్ధాల మధ్య నాటి, పైనా కిందా రెక్కలున్న ఫైటర్. డిజైను ఆ అతిథుల దేశానిది. లైసెన్సు కొని కట్టింది వేరే దేశం. కొన్నవాళ్ల దగ్గరున్న ఇంజను బరువైనది, పొడవైనది. దాన్ని ఇరికించడానికి ముక్కు సాగదీశారు. ముక్కు సాగేసరికి గాల్లో విమానం నిలకడ తప్పింది. అందుకని తోక మీది నిలువు రెక్కను పెంచారు. తర్వాత లోపలి చెక్క తీసేసి లోహం పెట్టారు. చివరికి అసలు డిజైనులో మిగిలింది పై రెక్క ఒక్కటే. పేరు మాత్రం అమ్మినవాళ్లదే! ఇదంతా చదివి, ఆ పెద్ద తోకతోనే బొమ్మ చేశాను.

మేనేజరు చూసి మొహం చిట్లించాడు.

"ఏంటయ్యా ఇది? వాళ్ల అసలు విమానం ఫొటోలో తోక బుల్లిగా ఉందిగా. కోసెయ్, ఖలాస్."

"కోస్తే ఎగరదు సార్."

"షోకేసులో పెట్టేదాన్ని ఎగరేస్తావా నువ్వు? ఎక్కువ మాట్లాడితే వీసా మీద ఎగ్జిట్ కొట్టించి ఇంటికి పంపిస్తా."

కొయ్యలేదు. కొట్టించుకోనీ అనుకున్నాను.

వాళ్లు వచ్చారు. మీటింగు గదిలో బ్రాకెట్ మీద సంతకాలయ్యాయి. మంచి పని చేశావంటూ మేనేజరు భుజం తట్టారు. ఆయన ముసిముసిగా నవ్వుతూ నిలబడ్డాడు. వెనకే ఉన్న నా వైపు తిరిగి చూస్తేగా!

బయటికి వెళ్తూ వాళ్లలో ఒక పెద్దాయన బొమ్మ దగ్గర ఆగాడు.

"ఈ తోక మాది కాదే?" అన్నాడు ఇంగ్లీషులో.

మేనేజరు గతుక్కుమన్నాడు. "సారీ సర్, మా డ్రాఫ్ట్స్‌మన్ సొంత తెలివి" అంటూ నన్ను వేలెత్తి చూపించాడు.

బ్రాకెట్ దగ్గర నోరు పెగలని మనిషి, తోక దగ్గర ఇంటిపేరుతో సహా నా పేరు చెప్పాడు.